రెండు బారల తాడు

ఒకానొక కాలంలో, టేకుచెట్ల నీడలోనే తెల్లారి టేకుచెట్ల నీడలోనే పొద్దుగూకే ఒక గూడెం ఉండేదట. ఆ గూడెంలో అడవికి కావలివాడు మద్దిలేటి.

ఆ దేశపు రాజుకు ఓడలు కట్టించాలని బుద్ధి పుట్టింది. నాలుగు వేల టేకుచెట్లు కావాలి. అడవిలో ఎన్నున్నాయో చూసి రమ్మని ఆస్థాన గణకుడు పేరిశాస్త్రిని పంపాడు. శాస్త్రిగారు పల్లకీ దిగి, బాట పక్కనే మేకు పాతి, దానికి రెండు బారల తాడు కట్టి గుండ్రంగా తిప్పారు. లోపల ఆరు చెట్లు పడ్డాయి. అడవిలో అలాంటి చుట్లు రెండు వేలు పడతాయి గనుక, ఆ లెక్కన అడవంతా పన్నెండు వేలని తేల్చేశారు! ఒక్కచోట చూస్తే సరిపోతుందా అని మద్దిలేటి అడిగితే, అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలదా అని నవ్వారు.

రాజు పొంగిపోయాడు. నాలుగు వేలు కొట్టినా ఎనిమిది వేలు మిగులుతాయి కదా. గొడ్డళ్లు నూరమన్నాడు.

ఆ మాట మద్దిలేటి చెవిన పడింది. అన్ని చెట్లు ఎక్కడివి? అడవి పోతే తేనె పోతుంది, ఊట పోతుంది, గూడెమే లేచిపోవాలి. పరుగున వెళ్లి రాజు ముందు నిలబడ్డాడు.

"ప్రభూ, శాస్త్రిగారి తాడుతోనే ఇంకో మూడుచోట్ల కొలవనివ్వండి."

రాజు సరేనని తానూ వెంట వచ్చాడు. మొదటిచోట అయిదు చెట్లు. రెండోచోట ఉత్త బండ. చెట్టు కాదుగదా, మొక్కైనా లేదు. మూడోచోట ఒక్కటే చెట్టు, అదీ సరిగ్గా తాడు మీదే నిలబడింది. లోపలిదనుకుంటే అడవంతా రెండు వేలు, బయటిదనుకుంటే సున్నా. పాపం శాస్త్రిగారు, తాడును ఓసారి ఇటు, ఓసారి అటు జరిపి చూశారు.

అప్పుడు మద్దిలేటి పది బారల తాడు తీశాడు. దాని చుట్టులో పడే నేల శాస్త్రిగారి చుట్టుకు ఇరవై అయిదింతలు. కంటికి నచ్చినచోట కాకుండా, తిన్నగా నడుస్తూ మూడు వందల అడుగులకొక మేకు పాతాడు. ముప్పై ఏడు, ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది. ప్రతి చుట్టులోనూ కాస్త బండా పడింది, కాస్త గుబురూ పడింది. అంచు మీది చెట్టు అటైనా ఇటైనా లెక్క చెదరలేదు. అడవంతా కలిపి మూడు వేలు, మహా అయితే ఓ వంద అటూ ఇటూ.

ఇంకా పెద్ద తాడు వేయవా అన్నాడు రాజు. వేస్తే వానలొచ్చేదాకా కొలుస్తూనే ఉండాలి, మూడుచోట్లా ఒకే మాట వస్తోంది, చాలన్నాడు మద్దిలేటి.

"కుండలో అన్నమంతా ఒకే మంట మీద ఉడుకుతుంది ప్రభూ. అడవి అలా పెరగదు."

రాజు సిగ్గుపడ్డాడు. ఆ పన్నెండు వేలను నమ్మి ఉంటే ఓడలూ పూర్తయ్యేవి కావు, అడవీ మిగిలేది కాదు. అడవికి దెబ్బ తగలకుండా మద్దిలేటి ఏరి చూపించిన మూడు వందల చెట్లే కొట్టించి, వాటికి సరిపడా ఓడలే కట్టించాడు. శాస్త్రిగారు మాత్రం తమ రెండు బారల తాడును మేకను కట్టుకోమని మద్దిలేటికి ఇచ్చేశారు.

కుండ సంగతి మెతుకు చెబుతుంది గానీ, అడవి సంగతి తెలియాలంటే కొలత అడవికి తగ్గట్టుండాలి.