నక్క పాపయ్య పెట్టిన ఆశ్రమం

ఊరి చివర పశువుల దొడ్డిలో సింగారి అనే మేకకు పుట్టిన పిల్లకి వెనక కాళ్లలో పట్టు లేదు. ఆ సంగతి నక్క పాపయ్య చెవిన పడింది. పాపం, ఆ రోజు నుంచి ఆయనకి ఒకటే బెంగ. ఆ దొడ్డిలో మిగతా పిల్లల్ని ఎంత తరిమినా అందలేదు కాబట్టి, పరిగెత్తలేని పిల్ల మీద జాలి పొంగుకొచ్చింది.

కుక్క పొలానికి పోయిన సమయం చూసుకుని దొడ్డికి వచ్చాడు. ముసలెద్దు కొమ్ములు అడ్డంగా లేకపోతే ఇంత మర్యాద అవసరమయ్యేది కాదు.

"అమ్మా సింగారీ, నీ కష్టం చూడలేకపోతున్నాను. ఇలాంటి పిల్లల కోసం గుట్ట మీద ఆశ్రమం పెట్టాను. వీణ్ని నాతో పంపు. నీకు ఏ బాదరబందీ ఉండదు."

"మీది పెద్ద మనసు అయ్యగారూ. అక్కడ పిల్లలు బాగుంటారా?"

"నా దగ్గరకొచ్చిన పిల్లల్లో ఒక్కడు కూడా మళ్లీ ఇంటికి పోతానని అడగలేదమ్మా." ఈ మాటలో మాత్రం అబద్ధం లేదు.

మేకపిల్ల తల్లి పొట్ట కిందికి దూరాడు. సింగారి తల వంచింది. కృతజ్ఞత కాబోలు అనుకున్నాడు పాపయ్య.

"ఇక్కడ వాడికి జరిగేవన్నీ అక్కడా జరగాలి కదండీ," అంది సింగారి.

"అంతకి రెండింతలు జరుగుతాయి. ఏం కావాలో చెప్పు."

"రోజూ పొద్దున్నే ఎద్దు మావ పొట్టకి ఆనుకుని నడుస్తాడు. వారం వారం వచ్చి చూసే కొంగమ్మ నేర్పిన పద్ధతి అది. నిన్న పది అడుగులు వేశాడు. మావ లేకపోతే నిలబడలేడు."

ముసలెద్దు నెమరు ఆపి, "నేనూ పోతాలే, నాకిక్కడ పనేముంది?" అన్నాడు.

ముసలాడు, ఎన్నాళ్లుంటాడులే అనుకున్నాడు పాపయ్య. "అలాగే, రమ్మను."

"కోడి వదిన వాడి కాళ్ల మీదెక్కి మెల్లగా తొక్కుతుంది. లేకపోతే బిగుసుకుపోతాయి."

"ఆవిడ తప్పకుండా రావాలి." పాపయ్యకి నోరూరి మాట తడబడింది. "పిల్లల్ని కూడా తెచ్చుకోమను. అందరికీ చోటుంది."

"ఇంకొక్కరు. నీళ్ల తొట్టిదాకా వాడికి ముందు నడుస్తూ, ఆగి ఆగి పిలిచేవాళ్లు కావాలి. ఆయన పిలిస్తే తప్ప వీడు అడుగెయ్యడు."

"ఆయన్నీ పిలువమ్మా. ఇప్పుడే బయల్దేరదాం."

సింగారి కంచె వైపు తల తిప్పి గొంతెత్తింది. "కుక్కన్నా, పొలం నుంచి సమయానికే వచ్చావు. ఈ అయ్యగారు నిన్ను కూడా వాళ్లింటికి రమ్మంటున్నారు."

కుక్క తాపీగా లోపలికి వచ్చాడు. "దానికేం, వస్తాను. ఇల్లెక్కడయ్యా? ముందు నడువు."

సేవ చేద్దామని వస్తే ఇల్లు చూపించాల్సి రావడం పాపయ్యకి బొత్తిగా నచ్చలేదు.

"ఇప్పుడే గుర్తొచ్చింది," అంటూ కంచె దూకాడు. "ఆశ్రమం నిండిపోయింది."

బిడ్డను తనవాళ్ల మధ్య నుంచి తీసుకుపోయి ఉద్ధరిస్తానని ఎవరైనా వస్తే, ఆ పెద్దమనిషి భోజనం చేశాడో లేదో ముందు కనుక్కోవాలి.