నక్క దొర అనుమతించిన వట్టివేరు

నాకు జంతువుల భాష రాదు. మనుషుల భాష కూడా కిరాణా కొట్టు పొట్లం కాగితాల మీద సొంతంగా నేర్చుకున్నదే. కాబట్టి ఈ కథలో నక్క మాటలు ఏదో ఆఫీసులో విన్నట్టు మీకనిపిస్తే తప్పు నా చెవులది, నక్కది కాదు.

ఏటికి అవతలి అడవి తగలబడింది. తగలబెట్టారు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. అక్కడి కుందేళ్ళన్నీ పిల్లల్ని నోట కరుచుకుని, ఏరు ఈది, ఇవతలి కొండకు బోడిగా ఉన్న పక్కకు చేరాయి. ఇవతలి అడవి వ్యవహారాలు చూసే నక్క వాటికి తలా ఒక టేకాకు ఇచ్చి, "కప్పుకోండి. రేపో ఎల్లుండో వెళ్ళిపోయేవాళ్ళేగా. తాత్కాలికం" అంది.

ఆ ఎల్లుండి ఇంకా రాలేదు. నోట కరుచుకొచ్చిన పిల్లలకు పిల్లలు పుట్టాయి. టేకాకు మాత్రం ఏటేటా కొత్తది వస్తోంది.

కొండ మీద పైన మరుగుదొడ్లు, కింద తాగే నీళ్ళ గుంట. వాన పడితే పైది కిందికొచ్చేది. దాని వెంట కొండ కూడా కాస్త కాస్త వచ్చేది. పోయిన వానాకాలం అంచున ఉన్న కాపురాలు ఆకులతో సహా జారి గుంటలో పడితే, పిల్లల్ని చెవులు పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఈసారి వాన ముదిరితే లాగడానికి ఒడ్డున ఎవరూ మిగలరని ముసలి కుందేలు నూరవ్వకు తెలుసు. నక్క దగ్గరికి వెళ్ళింది.

"దొరా, మురుగు పోవడానికి ఒక రాళ్ళ కాలువ తవ్వుకుంటాం."

"కాలువ శాశ్వతం కదవ్వా. మీరేమో తాత్కాలికం. రెండూ పొసగవు."

"పోనీ నాలుగు చెట్లు నాటుకుంటాం. మట్టి ఆగుతుంది."

"చెట్టుకు వేరుంటుంది. వేరు దిగిందంటే మీరూ దిగబడ్డట్టే. పైవాళ్ళకు నేనేం చెప్పుకోను?"

"కొండ జారితే ఏం చెప్పుకుంటారు?"

నక్క నొచ్చుకుంది. "ఇంత చేస్తున్నా నీకు నా మీద గురి లేదవ్వా. విపత్తును ఎలా తట్టుకోవాలో మీకు శిక్షణ ఇప్పిస్తున్నాను. రేపు మాస్టారు వస్తారు. వచ్చినవాళ్ళకు ముల్లంగి ముక్క కూడా ఉంది."

మాస్టారు ఆ మర్నాడు బయల్దేరి, ఇంకో మర్నాడు చేరారు. తాబేలు. పాఠం: కొండ జారేటప్పుడు పరుగెత్తడం ఎలా.

"ముందుగా కుడికాలు," అని ఎత్తి చూపించారు తాబేలు మాస్టారు. ఆ కాలు తిరిగి నేల మీద పడేదాకా కుందేళ్ళు ఓపిక పట్టాయి.

"మాస్టారూ, మేమిక్కడికి పరుగెత్తే వచ్చాం," అంది నూరవ్వ. "కాస్త నిలబడటం నేర్పుతారా?"

"నాకిచ్చిన పాఠంలో అది లేదమ్మా," అన్నారు మాస్టారు పాపం నిజాయతీగా. "ఎడమకాలుకు వద్దామా?"

నూరవ్వ వాగు ఒడ్డుకు పోయి కూలబడింది. అక్కడ మేసే గేదె, కుందేళ్ళొచ్చాక మేత తగ్గిందని రోజూ సణిగే రకం.

"ఏమ్మా, మొహం అలా వేలాడేశావు?"

"చెట్టు వద్దట. వేరుంటుందట."

"వేరు సంగతి నాకు చెప్పకు! ఈ గడ్డి చూడు, పీకబోయి నా పళ్ళు కదిలాయి. పైన మూరెడు, కింద రెండు నిలువులు. వాగు ఎంత పొంగినా ఈ ఒడ్డు కదలదు. కావాలంటే అటు అంచున నాలుగు దుబ్బులు తవ్వుకుపో, నాకు దారన్నా అవుతుంది."

"దీని పేరేంటమ్మా?"

"వట్టివేరు."

నూరవ్వ చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. ఈ అడవి భాషను ఒక్కో మాటా ఏరుకుని నేర్చుకున్న మనిషి, అదే, కుందేలు. ఇక్కడ పుట్టినవాళ్ళకు వినబడనివి ఆవిడకు వినబడేవి. తిన్నగా నక్క దగ్గరికి పోయింది.

"దొరా, కొండ మీద కాస్త గడ్డి గుచ్చుకుంటాం."

"వేరుందా?"

"ఉంది గానీ, వట్టి వేరే."

"వట్టిదంటే?"

"మీ భాషేగా దొరా. వట్టి మాట, వట్టి చెయ్యి, వట్టి వేరు."

నక్కకు వేసవిలో తన కిటికీకి కట్టించుకునే తడిక గుర్తొచ్చింది. నీళ్ళు చల్లితే కమ్మటి వాసనేసే ఆ ఎండుపోచలు నేలలో ఉన్నప్పుడు ఏం చేస్తాయో అది ఎన్నడూ అడగలేదు.

"ఓహో, తడికలదా! తేలిగ్గా ఉంటుంది. గట్టి వేరైతే ఒప్పుకునేవాణ్ణి కాను. వట్టిదే కాబట్టి, తాత్కాలికంగా నాటుకోండి."

కుందేళ్ళు కొండ నడుముకు అడ్డంగా వరసలు వరసలుగా గుచ్చాయి. మళ్ళీ వానల వేళకు మూరెడు గడ్డి ఊగుతోంది. నక్క వచ్చి చూసి, "వట్టిదే," అని తృప్తిగా తలాడించి పోయింది. ఈలోగా అది కొండకు అటు పక్క చెట్లన్నీ కొట్టించి రాతి ఆఫీసు కట్టించుకుంది. తాత్కాలికుల్ని చూసుకోవడానికి శాశ్వత భవనం కావాలి మరి!

వాన పట్టుకుంది. వదల్లేదు. ఒక మధ్యాహ్నం కొండ అటు పక్క మూలిగి, రాతి గోడలతో, కిటికీ తడికతో సహా కిందికి బయల్దేరింది. నక్క కిటికీలోంచి దూకి, బురదలో జారుతూ ఇటు పక్కకు వచ్చి, అందిన దుబ్బును గట్టిగా పట్టుకుంది. కాళ్ళ కింద ఏమీ లేదు.

"అవ్వా! ఇది ఊడొస్తుందా?"

నూరవ్వ అంచుకొచ్చి తొంగి చూసింది. "ఏమో దొరా. వట్టిదేనని మీరేగా అనుమతిచ్చారు."

"గట్టిగా ఉన్నట్టుందే!"

"ష్, అలా అనకండి. పైవాళ్ళు వింటే పీకించేస్తారు."

కుందేళ్ళు దాన్ని పైకి లాగి, ఒక టేకాకు కప్పాయి. వాన నీళ్ళూ, వాటితో పాటు దొడ్ల సరుకూ నక్క పొట్ట కిందుగా పారుతున్నాయి. నక్క ముక్కు మూసుకుంది.

"ఇక్కడొక కాలువ ఉండొద్దా అవ్వా!"

"ఉండాలి దొరా. తమరు ఎన్నాళ్ళుంటారు?"

"ఎన్నాళ్ళేమిటి? మళ్ళీ ఆఫీసు కట్టేదాకా. తాత్కాలికమే."

"తాత్కాలికానికి కాలువెందుకు?"

నక్క నోరు తెరిచింది. మురుగు గడ్డం దాకా రావడంతో మూసింది. తలెత్తి మళ్ళీ తెరిచింది.

"తవ్వండి! రాళ్ళు పేర్చండి! శాశ్వతంగానే తవ్వి చావండి!"

మాట పూర్తి కాకముందే కుందేళ్ళ వెనక మట్టి లేస్తోంది. దూరంగా కొండ మొదట్లో తాబేలు మాస్టారి గొంతు వినబడింది. ప్రమాదం సంగతి తెలిసి అందరికన్నా ముందు బయల్దేరారట.

"నక్క దొరా, కంగారు పడకండి! ముందుగా కుడికాలు..."

నీతి లేనిదే వదలరు గనక ఇది కూడా వినండి: జారే కొండ, ఎవరు తాత్కాలికం, ఎవరు శాశ్వతం అని అడిగి జారదు.