నాలుగు బిందెలు

పరుపుల వీధి రోడ్డును ఎవరో గునపంతో పగలగొడుతున్నారు. ఇంజనీరు కుళ్లాయప్ప సిమెంటు వేయించి పూడ్పించాడు. మళ్లీ పగిలింది. మళ్లీ పూడ్పించాడు. ఆ పొద్దున నాలుగోసారి పూడ్పించేసరికి అతనికి ఒళ్లు మండింది. పోలీసులకు ఫిర్యాదు రాసి జేబులో పెట్టుకున్నాడు. నేరం చేసినవాళ్ల పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలాడు.

ఆ రోడ్డంటే అతనికి ప్రాణం. ఎండలూ వరదలూ ఏటేటా ముదురుతున్నాయి, వాటిని తట్టుకునేలా వీధుల్ని మార్చాలని ఊరి పెద్దలు అనుకున్నప్పుడు మొదటి వీధికి ప్లాను గీసింది అతనే. వీధి మొదట్లో నిలువెత్తు బోర్డు పెట్టారు: 'వాతావరణ మార్పును తట్టుకునే ఆదర్శ వీధి'.

బోర్డు వెనక ఏముందో కూడా చెప్పాలి కదా. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేలెడు మట్టి కనపడకుండా కాంక్రీటు. నీడనిచ్చే కానుగ చెట్లు ఆరింటిని కొట్టేసి, కుండీల్లో ఈతమొక్కల్లాంటివేవో పెట్టారు. వాటి నీడ పిల్లికి కూడా చాలదు. ఇనుప బెంచీలు వేశారు. పొద్దున పది దాటాక వాటి మీద కూర్చున్నవాడికి పెనం మీది రొట్టె బాధేమిటో తెలుస్తుంది. దీనికి బహుమతి కూడా ఇచ్చారు! ఇచ్చినవాళ్లు కారు దిగి రెండడుగులు నడిచింది లేదు.

ఫిర్యాదు ఇచ్చే ముందు కుళ్లాయప్ప లాల్‌షా తాత దగ్గరికి వెళ్లాడు. పదేళ్లుగా అతనికి గురువు ఆయనే. అదే వీధి మధ్యలో తాత ఉండే చిన్న దర్గా, దాని ముందు మిగిలిన ఒకే ఒక్క కానుగ చెట్టు. గురువుగారి చెట్టని దాన్ని కొట్టనివ్వలేదు కుళ్లాయప్ప. చుట్టూ మాత్రం మొదలును ఒరుసుకుని కాంక్రీటు పోయించాడు.

ఆ దర్గాలో ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి, చెంబుడు నీళ్లు తీసుకుని, తాగినన్ని తాగి, మిగిలినవి చెట్టు మొదట్లో పోయాలి. ఎంత పెద్ద గోడు ఉన్నా ఆ తర్వాతే చెప్పుకోవాలి.

కుళ్లాయప్ప తాగాడు. అలవాటుగా మిగిలినవి చెట్టుకు పోశాడు.

"తాతా, ఈ జనానికి మంచి చేస్తే గిట్టదు. బంగారంలాంటి రోడ్డును పొడిచి పొడిచి పెడతాండారు. వాడెవడో దొరకాల, జైల్లో వేయిస్తా. రేపు ఇదే ప్లాను మీద ఇంకా పదకొండు వీధులకు సంతకం పెట్టాల నేను. ఇట్లయితే ఎట్ల?"

తాత చెట్టువైపు చూస్తూ విన్నాడు. సగానికి పైగా ఆకులు పసుపెక్కి ఉన్నాయి.

"చెట్టుకు నీళ్లు పోసినావా?"

"పోసినా తాతా."

"తాగలేదే అది. బిందెతో పొయ్యి."

కుళ్లాయప్పకు చిరాకు వేసింది. తను చెప్పిందేమిటి, ఈయన అడిగేదేమిటి! అయినా గురువు మాట. బిందెడు నీళ్లు పోశాడు. అవి కాంక్రీటు మీద జారి వీధిలోకి పోయాయి.

"ఇంకో బిందె," అన్నాడు తాత.

అలా నాలుగు బిందెలయ్యాయి.

"తాగిందా?"

"లేదు. అట్లే పోయినాయి."

"యాడికి?" తాత గొంతు ఒక్కసారిగా పెరిగింది. ఆయన కోప్పడగా కుళ్లాయప్ప పదేళ్లలో చూడలేదు. "యాడికి పోయినాయని అడుగుతాండా! పోసినోడివి నువ్వే కదా. వాటి వెంట పోయి చూసి రా. పో!"

చెప్పులు వేసుకునే వ్యవధి లేదు. వీధిలో కాలు పెట్టగానే అరికాళ్లు చురుక్కుమన్నాయి. తన రోడ్డు మీద తానే గెంతుతూ, తడి చార మీద అడుగులు వెతుక్కుంటూ నడిచాడు. నీళ్లు మురుక్కాలువ జాలీ దగ్గరికి వచ్చాయి. జాలీ రోడ్డుకన్నా నాలుగు వేళ్లు ఎత్తులో ఉంది. నీళ్లు దాని పక్కగా సాగిపోయాయి. రెండో జాలీ కూడా అంతే. తర్వాత ఆ పొద్దున వేయించిన సిమెంటు అతుకు మీదుగా దొర్లి, ఒక ఇంటి గడప కింద దూరాయి.

లోపలి నుంచి కేక వినపడింది. పరుపులు కుట్టే మౌలమ్మ దూది మూటను రొమ్ముకు హత్తుకుని బయటికొచ్చింది.

"వాన కూడా లేదే, ఇదేం నీళ్లు నాయనా? మొన్నటి వానకు పెండ్లివాళ్ల పరుపులు ఎనిమిది నానిపాయె. కుళ్లి కంపు కొడితే నా చేతుల్తో నేనే పారేసుకున్నా. నీళ్లు కాలవలోకి పోయేదానికి ఇంత గాడి చేసుకుంటే, ఎవడో మహానుభావుడు నాలుగు మార్లు పూడ్చినాడు. వాని చేతులు ఇరిగిపోను! పూడ్చనీ. నేను ఐదో మారు తవ్వుతా."

తలుపు పక్కన గునపం ఆనించి ఉంది.

సిగ్గుతో కుళ్లాయప్ప చెవులు కాలిపోయాయి.

"ఆ గునపం ఇట్లియ్యమ్మా."

"నీకెందుకు నాయనా, నీ చేతులు బొబ్బలెక్కుతాయి," అంటూనే ఇచ్చింది. అతను వంగి సిమెంటు మీద మొదటి పోటు వేశాక అంది, "పచ్చిగా ఉండాది కదా, సులువుగా వస్తాదిలే. ఆ జాలీ కింద దాకా తవ్వు."

అతను దర్గాకు తిరిగొచ్చేసరికి చొక్కా చెమటకు తడిసి, జేబులోని కాగితం మెత్తబడింది.

"పేరు దొరికిందా?" అన్నాడు తాత.

"దొరికింది తాతా, నాదే."

తాత ఖాళీ బిందె తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఇంకా పదకొండు వీధులన్నావే. సంతకానికి ముందు ఇది తీసుకపో."