ఎదురుకొట్టులో లేదన్న మందు

పార్వతీపురం బజారులో తవిటయ్య అనే మూలికల వ్యాపారి ఉండేవాడు. ఏ వేరునైనా వాసన చూసి పేరు చెప్పగలడు గాని, ఎదురుకొట్టు పైడితల్లి ముందు నలుగురు నిలబడితే మాత్రం చూడలేకపోయేవాడు.

పైడితల్లీ మూలికలే అమ్మేది. ఆమె దగ్గుపొడికి చుట్టుపక్కల ఊళ్లలో మంచి పేరు. అయితే ఆమెకో పద్ధతి ఉండేది. ఎవరొచ్చినా ముందు, "రోజూ ఏ మాత్రలు మింగుతున్నావో చూపించు బాబూ," అనేది. అట్టలు తిప్పి తిప్పి చూసి, కొందరిని "నీకీ పొడి వద్దు, డాక్టర్ని అడిగి రా," అని పంపేసేది.

"ఏం టెక్కు! ఇవ్వనంటేనే జనం ఎగబడుతున్నారు," అని తవిటయ్య కుళ్లుకునేవాడు. అన్నం ముందు కూర్చున్నా చూపు ఎదురుకొట్టు గుమ్మం మీదే. చివరికి ఒకడిచేత ఆమె పొడి తెప్పించి, నాలిక మీద వేసుకుని, ఏమేం కలిపిందో పట్టేశాడు. ఇంకా తియ్యగా ఉంటే జనం తన దగ్గరకే వస్తారని అతిమధురం మూడింతలు కలిపాడు. పొట్లం మీద తన ఫోటో పెద్దగా అచ్చేయించాడు. లోపల ఏముందో మాత్రం రాయించలేదు, పైడితల్లి చదివేస్తుందని! కొట్టు ముందు బోర్డు కట్టాడు: "ఎదురుకొట్టులో లేదన్న మందు ఇక్కడ ఉంది."

ఒకరోజు పైడితల్లి కొట్టు మెట్లు దిగుతున్న మనిషిని చూసి తవిటయ్య ఒళ్లు భగ్గుమంది. ఆవిడ అతని సొంత అక్క సన్యాసమ్మ. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే.

"నా కొట్టుండగా దాని గడప తొక్కుతావేటక్కా?" అన్నాడు.

"కోప్పడకురా. నా దగ్గుకి ఆ పొడే బాగుంటాదని ఊళ్లో అందరూ అన్నారు. తీరా వస్తే నా బీపీ మాత్రలు చూసి ఇవ్వనంది."

ఎందుకు ఇవ్వనందో అడగాలని అతనికి తోచనే లేదు. సొంత అక్క నోట పైడితల్లి పొగడ్త! అదొక్కటే చెవిలో గింగురుమంది. "అది ఇవ్వకపోతే నేనిస్తాను. పూటకు రెండు చెంచాలు వేసుకో. ఎవరిది బాగుందో ఊరంతా నువ్వే చెబుతావు," అని మూడు పెద్ద పొట్లాలు కట్టిచ్చాడు.

తమ్ముడి మందు కదా అని సన్యాసమ్మ ఒక్కపూట మానలేదు. మూడు వారాలకు కాళ్లలో సత్తువ లేక కూలబడింది. తవిటయ్య, ఆవిడ కోడలు ఆసుపత్రికి తీసుకెళ్తే, బీపీ బాగా పెరిగిపోయి ఉంది, గుండె లయ తప్పింది.

"మాత్రలు వేసుకుంటూనే ఉందిగా! ఇంకేం వాడుతోంది?" అని డాక్టరమ్మ అడిగింది. కోడలు సంచిలోంచి పొట్లం తీసింది. డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పింది. ఫోటో తప్ప ఏమీ లేదు. "ఇందులో ఏముందో ఎవరికి తెలుసు?"

తవిటయ్యకు తెలుసు. కబురు విని వచ్చిన పైడితల్లి పక్కనే నిలబడి ఉంది. ఆమె ముందు నోరు విప్పితే పరువు పోతుంది. విప్పకపోతే అక్క దక్కదు.

"అతిమధురం," అన్నాడు తల దించుకుని. "మూడింతలు కలిపాను. ఈవిడ పొడికంటే తియ్యగా ఉండాలని."

"అది ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది," అంటూ డాక్టరమ్మ ఆ పొడి ఆపించి వైద్యం మార్చింది. నాలుగోరోజుకు సన్యాసమ్మ లేచి కూర్చుంది.

"ఆ మనిషి ఎందుకు వద్దందో ఒక్కమాట అడగలేకపోయావేట్రా?" అంది. తవిటయ్య బావురుమన్నాడు.

మర్నాడు బోర్డు పీకేసి, రోడ్డు దాటి పైడితల్లి కొట్టుకు వెళ్లాడు. "ఆ మాత్రల అట్టలు చూడ్డం నాకూ నేర్పమ్మా."

"నేర్పుతాన్లే. ముందు నీ పొడి పట్టుకెళ్లినవాళ్ల ఇళ్లకు పద," అంది ఆమె, కొట్టు తలుపు మూస్తూ.

అసూయతో ఇచ్చిన మందు ఎంత మంచి మూలికైనా కీడే చేస్తుంది; అందుకే ఎవరి ఒంటికి ఏది పడుతుందో అడగకుండా మందు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు.