పసుపు కార్డు ఐదు నిమిషాలు

నేను ఇంతకుముందు ఏమీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి పిల్లలూ.

మా కాకినాడ హాకీ జట్టులో ఎలీషా అని ఒక ఆటగాడు ఉండేవాడు. కర్ర ఎంత చక్కగా తిప్పేవాడో, నోరు అంత దురుసుగా పారేసుకునేవాడు. గెలిస్తే తన వల్లే అనేవాడు. ఓడితే గోలు కాసే అబ్బులు వల్ల అనేవాడు. అదీ మైకులో, అందరూ వింటుండగా. "మా అబ్బులన్న కాళ్ల మధ్య నుంచి లారీ పోతుందండి" అన్నాడొకసారి. అబ్బులు తల దించుకుని ప్యాడ్లు విప్పుకున్నాడు. గ్యాలరీలోంచి మేము గోల చేస్తే మమ్మల్నీ వదల్లేదు. "వీళ్లకి ఆటేం తెలుసండి, వేరుశెనక్కాయలు తినడానికొస్తారు" అన్నాడు.

ఆ మాటకి జనానికి ఒళ్లు మండిపోయింది. మా గ్యాలరీకి పెద్దదిక్కు నూకరత్నమక్క. బట్టలు కుడుతుంది. జట్టు జెండాలన్నీ ఆమె కుట్టినవే. "ఫైనల్లో వాడు గోలు కొట్టినా సరే, ఎవరూ చప్పట్లు కొట్టకండర్రా" అంది. అందరం సరేనన్నాం.

గ్రౌండుకి నీళ్లు పట్టడం నా పని. ఆటకి ముందు గ్రౌండు మీద పరిచిన పచ్చగడ్డి లాంటి పట్టా తడపకపోతే బంతి సరిగా జారదు. పని కాగానే నేనూ గ్యాలరీలో ఓ మూల కూర్చునేదాన్ని.

మా జట్టు ఫైనల్‌కి రావడం అదే మొదలు. ఎలీషా గోలు కొట్టాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. అతను మా వైపు చూసి మూతి తిప్పుకున్నాడు.

ఇంకో ఆరు నిమిషాలు నిలబడితే కప్పు మాదే. అప్పుడు అంపైరు మా మీద ఫౌల్ ఇచ్చాడు. ఎలీషా ఊరుకుంటాడా? "కళ్లజోడు ఇంట్లో మరిచిపోయారా సార్?" అన్నాడు. అంపైరు జేబులోంచి పసుపు కార్డు తీశాడు. అది చూపిస్తే ఐదు నిమిషాలు బయట కుర్చీలో కూర్చోవాలి. అంతసేపూ జట్టు పదిమందితోనే ఆడాలి. ఆ కుర్చీ సరిగ్గా మా గ్యాలరీ ముందే ఉంది.

నూకరత్నమక్క చేతిలోని వేరుశెనక్కాయల పొట్లం చాచింది. "తిను నాయనా. ఆట తెలియనివాళ్ల దగ్గరికొచ్చావు కదా" అంది. అందరూ నవ్వారు. అతను తీసుకోలేదు. లేచి పోవడానికీ లేదు.

అవతలి జట్టు మా గోలు మీదికి విరుచుకుపడింది. మొదటి బంతిని అబ్బులు పడుకుని ఆపాడు. రెండోది కాలితో తన్నాడు. మూడోది అతని హెల్మెట్‌కి తగిలి బయటికి పోయింది. అబ్బులు కాసేపు లేవలేదు. ఎలీషా కుర్చీలోంచి సగం లేచాడు.

"ప్రతి ఆటలోనూ ఇన్ని ఆపుతాడా పిన్నిగారూ?" అని మెల్లగా నూకరత్నమక్కని అడిగాడు.

"ఆపుతాడు. నువ్వు ఎంతసేపూ అవతలి గోలు వైపే చూస్తావు. వెనకాల ఏం జరుగుతుందో నీకెలా తెలుస్తుంది?"

అబ్బులు లేచి నిలబడగానే ఎలీషా చప్పట్లు కొట్టాడు. అతనితో పాటు మేమూ కొట్టాం. అతని మీద కోపం కాసేపు మరిచిపోయాం.

గెలిచాం. ఎలీషా చేతికి మైకిచ్చారు. "మొదలెడతాడు చూడు" అని గొణిగింది అక్క.

"గోలు నాదండి. కప్పు మాత్రం అబ్బులన్నది" అన్నాడు ఎలీషా. "ఆయన ఆట ఇన్నాళ్లూ నేను చూడలేదు. చూడకుండానే వాగాను." మైకు అబ్బులుకిచ్చాడు. అబ్బులు గొంతు సవరించుకుని, "కాలు పీకేస్తోందండి, ఇక కూర్చుంటాను" అన్నాడు. గ్రౌండంతా నవ్వింది.

మర్నాడు పొద్దున మా కోడలు మంగతాయారు కాఫీ ఇచ్చింది. చప్పగా ఉంది. రోజూలాగే నాలుగు మాటలు అనబోయి ఆగాను. నేను గ్రౌండుకి పోయాక ఆ పిల్ల ఇంట్లో ఎంత కష్టపడుతుందో నేనెప్పుడూ చూసింది లేదు. ఆ రోజు కాసేపు ఆగి చూశాను. వీధి కుళాయి దగ్గర్నుంచి తొమ్మిది బిందెలు మోసింది. పదోది నేనందుకున్నాను. ఎదుటివాళ్ల కష్టం కళ్లారా చూడకుండా వాళ్ల మీద నోరు పారేసుకోకూడదు పిల్లలూ.