నక్క వినకుండా అన్న 'సరే'

ఎర్రలొద్ది అడవిలో అది సాలెదారాల కాలం. ఏ కొమ్మ చూసినా దారమే. ఈ చివర మూతి ఆనించి మాట్లాడితే ఆ చివర చెవి ఆనించినవాళ్లకు వినిపిస్తుంది. కూడళ్ల దగ్గర సాలీళ్లు కూర్చుని, ఎవరి మాట వాళ్ల దారంలోకే మళ్లించేవి. ఈ కంపెనీకి యజమాని గుంటనక్క దండపాణి. ఒక్క దారమూ అల్లలేదనుకోండి, యజమాని కావడానికి అల్లిక రావాలా ఏంటి!

కంపెనీ ప్లీడరు ఏదుపంది సుకేశిని. ఒళ్లంతా ముళ్లు, పేరేమో సుకేశిని. పెట్టినవాళ్లని అడగండి, నన్ను కాదు. ఎండ్రకాయల బొరియల గట్టు తగాదాలతో ఆవిడ వృత్తి మొదలైంది. దారాలొచ్చాక "మాట నాది", "దారం నాది" అంటూ కొత్తరకం గొడవలు పుట్టాయి. ముసలి ఎలుగులే బుర్రలు గోక్కుంటుంటే తేల్చిచెప్పింది ఈవిడే: "దారం కట్టుకోవడానికి కొమ్మ ఇచ్చినవాళ్లు సరే అంటేనే కొత్త షరతు చెల్లుతుంది. చెల్లితే యజమానికీ చెల్లుతుంది." నక్క మర్నాడే పిలిచి కొలువిచ్చాడు. అడ్డొచ్చేవాళ్లను జీతానికి పెట్టుకోవడం నక్కలకు పుట్టుకతో వచ్చిన విద్య.

కొత్త షరతు వస్తే చిలక బండ మీద నిలబడి చదివేది. రెండో ముక్క రాకముందే అందరూ "సరే" అని ఎవరి మేతకు వాళ్లు పోయేవాళ్లు. నవ్వకండి, మీరు మాత్రం ఎప్పుడైనా చివరిదాకా విని అన్నారా?

ఒకరోజు దండపాణి తోక ఊపుకుంటూ వచ్చాడు.

"సుకేశినమ్మా, దారం మీద నడిచే మాటలన్నీ కంపెనీ వినొచ్చు అని ఒక షరతు పెట్టు."

"ఎందుకు దొరా?"

"సేవలు మెరుగుపరచడానికి."

"ఎవరికి?"

నక్క మూతి నాక్కున్నాడు. "చిరుతకి. కుందేలు మంగ పిల్లల్ని పెట్టింది. కలుగు ఎక్కడో వాళ్లమ్మకి తప్ప ఎవరికీ చెప్పదు. షరతు లేకపోతే ఆ సాలీళ్లు ఒక్క మాట పక్కకి పోనివ్వవు. జాడ చెబితే చిరుత నాకూ వాటా ఇస్తాడు."

సుకేశిని ముళ్లు గలగలమన్నాయి. "నేను కంపెనీ ప్లీడర్ని. కంపెనీ మంచి చూడటం నా పని, మీ ఆకలి చూడటం కాదు. పెట్టను."

"అయితే రేపట్నుంచి నీకు దుంపలు బంద్. ముంగిసని పెట్టుకుంటా."

ముంగిసైతే నక్క ఏం చెబితే అది చేస్తాడు. అది సుకేశినికి తెలుసు.

"ఆగండి, నేనే పెడతా. కానీ నాకు న్యాయమని తోచినట్టు పెడతా. రేపు బండ దగ్గర చివరిదాకా వినండి. నచ్చకపోతే అక్కడే కాదనండి."

"బెదిరిస్తున్నావా?"

"సలహా ఇస్తున్నా. మీకిచ్చే ఆఖరి సలహా."

మర్నాడు చిలక గొంతు సవరించుకుంది. "తెలియజేయడమేమనగా, దారం మీద నడిచే ప్రతి మాటనూ కంపెనీ వినవచ్చును. అదే విధంగా..."

"సరే!" అన్నాడు దండపాణి ఆవలిస్తూ.

"దొరా, ఇంకా ఉంది," అంది సుకేశిని, అందరికీ వినపడేలా.

"నీ నస నాకు తెలీదూ? సరే అన్నానుగా!" అని పొదల్లోకి వెళ్లిపోయాడు.

మిగతావాళ్లూ లేవబోతే సుకేశిని దారికి అడ్డంగా ముళ్లు విప్పి నిలబడింది. "ఒక్కసారైనా వినండర్రా!"

చిలక ముగించింది: "...అదే విధంగా కంపెనీ యజమాని పలికే ప్రతి మాటనూ కొమ్మ ఇచ్చిన ప్రతి ప్రాణీ వినవచ్చును."

అడవంతా కలిసి అన్న "సరే" అవతలి కొండకి వినపడింది. సాలీళ్లు తలలూపి కూడళ్లకి పోయాయి.

"మంగా, జాగ్రత్త. దారం మీద కలుగు ఊసెత్తకు," అంది సుకేశిని.

మంగ ఎత్తలేదు. కానీ మోకాళ్ల నొప్పులతో బండ దగ్గరికి రాని వాళ్లమ్మ ఎత్తింది. "అమ్మాయ్, ఆ చెదలపుట్ట వెనక కలుగులోనేగా ఉన్నారు? బాలింత మేత తెస్తున్నా!"

మరుక్షణమే దారంలో దండపాణి గొంతు: "చిరుత దొరా, చెదలపుట్ట వెనక! బయల్దేరండి!" వెంటనే ఆ దారంలోనే పెళ్లాంతో: "ఏమే, ఆ చుక్కల మొద్దుని పుట్టకి తోలాను. వాడు ముందు తవ్వుతుంటే నేను వెనక కన్నంలోంచి పిల్లల్ని లాగేస్తా. వాడికి మిగిలేది మట్టే!"

కొమ్మ ఇచ్చిన ప్రతివాళ్లూ విన్నారు. చిరుతా కొమ్మ ఇచ్చినవాడే.

మంగ పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని సుకేశిని బొరియలో దాచేసింది. దండపాణి కన్నంలో చెయ్యి పెట్టేసరికి కలుగు ఖాళీ. వెనక మాత్రం ఖాళీ లేదు.

"మొద్దుని వచ్చాను బావా," అన్నాడు చిరుత.

సగం తోకతో దండపాణి సుకేశిని గుమ్మంలో పడ్డాడు. "కేసు వెయ్యి! ఆ షరతు నేను వినలేదు!"

"వినలేదన్న సాకు చెల్లదని పోయినేడు తాబేలు మీద వేసిన కేసులో నా చేతే వాదింపజేసి గెలిచారుగా దొరా!"

"పోనీ, తీసేయించు!"

"తీస్తే రెండు ముక్కలూ పోతాయి. మీరు మా మాట వినరు, మేము మీ మాట వినం."

"నిన్ను కొలువులోంచి తీసేస్తున్నా!"

"నేను పొద్దున్నే మానేశాను. ఇప్పుడు కొమ్మలిచ్చినవాళ్ల ప్లీడర్ని." ఆవిడ ముళ్ల వెనకనుంచి బుల్లి చెవులు తొంగిచూశాయి. "తీయించాలా, వద్దా?"

"చిలకని పిలువు," అన్నాడు దండపాణి. చిలక వచ్చి ఆ షరతు రద్దని చదివింది. ఈసారి అందరితో పాటు నక్కా చివరి అక్షరం దాకా విన్నాడు. విన్నాకే "సరే" అన్నాడు.

నీతి: పదిమందికి బిగించే ముడిని ముందు నీ మెడకి వేసుకుని చూసుకో.