రాజుగారి మడులకు ఎన్ని కుంచాలు?

ఒకానొక రాజ్యం, పేరు నీలవరం. పెద్దదేమీ కాదు. పొద్దున బయలుదేరిన ఎద్దులబండి మధ్యాహ్నం చద్దిమూట విప్పే వేళకి సరిహద్దు దాటేసేది. రాజుగారి బిరుదులు చదవడం మాత్రం అంతసేపట్లో అయ్యేది కాదు. ఆయన పేరు రణభీకర మల్లదేవుడు. యుద్ధమంటూ ఒక్కటీ చూడలేదు. పాపం, ఎవరూ పిలవలేదు.

అందుకని ఆయన చదువు మీద పడ్డాడు. ఆస్థాన గణకుడు విరూపాక్ష భట్టును పిలిచి, బడికి వెళ్ళే ప్రతి బిడ్డకూ వారం వారం ఇంటి దగ్గర చేసే లెక్కలు ఇవ్వమన్నాడు. సోమవారం ఒక తాటాకు మీద పది లెక్కలు ఇంటికి వెళ్ళాలి. మళ్ళీ సోమవారానికి జవాబులతో బడికి రావాలి. వరుసగా పది వారాలు పదికి పది తెచ్చినవాళ్ళు పెద్ద లెక్కలకు ఎక్కుతారు.

మొదటి వారమే బడి బడంతా పదికి పది. రెండో వారమూ అంతే. మొన్నటిదాకా కాలివేళ్ళు కూడా కలుపుకుంటే తప్ప ఇరవై దాకా రాని పిల్లలు, ఉన్నట్టుండి మహామేధావులైపోయారు.

ఆదివారం సాయంత్రం వీధిలో మగవాళ్ళెవరూ కనిపించడం మానేశారు. వడ్రంగి గోడవైపు తిరిగి కూర్చుని వేళ్ళు ముడిచేవాడు. పూజారి హారతి మధ్యలో "తొమ్మిదారులు యాభైనాలుగు" అని గొణిగేవాడు, భక్తులు అదేదో మంత్రమనుకుని కళ్ళకద్దుకునేవారు. ఎవరి ఇళ్ళల్లో ఏం జరుగుతోందో మనకెందుకు గానీ, పిల్లలు మాత్రం వీధిలో హాయిగా గోళీలాడుకునేవారు.

ఒక్క తాటాకు మాత్రం తప్పులతో వచ్చేది. అది నూకాలుది. ఎనిమిదేళ్ళ పిల్ల. తండ్రి లేడు. తల్లి పైడి బుట్టలల్లి రాజుగారి గాదెల దగ్గర ఇచ్చేది. పైడికి అక్షరమ్ముక్క రాదు. కాబట్టి ఆ పిల్లకి తన లెక్కలు తనే చేసుకోవాల్సిన దుస్థితి పట్టింది.

గాదెల దగ్గర ధాన్యం కొలిచేవాడు గవరయ్య. నలభై ఏళ్ళుగా అదే పని. కొలిచేటప్పుడు అబద్ధమాడడు, మిగతా వేళల్లో అంత పట్టింపు లేదు. తల్లి బుట్టలు దించేలోగా నూకాలు ఆకు పట్టుకుని ఆయన పక్కన చేరేది.

"తాతా, ఈ లెక్క చెప్పవా?"

"నేను చెబితే నాకొస్తుంది. నాకిదివరకే వచ్చు. నీకు రావాలంటే ఇదిగో." అని గుప్పెడు వడ్లు ఆమె ముందు పోసేవాడు. "పేర్చి చూసుకో."

ఆ పిల్ల వడ్లు పేర్చేది, చెరిపేది, మళ్ళీ పేర్చేది. గవరయ్య తన పని తను చేసుకుంటూ ఓరకంట చూసేవాడు. తప్పు పేర్చినా నోరు విప్పేవాడు కాదు. ఆయన జీవితంలో నోరు మూసుకున్న సందర్భాలు అవేనని గాదెల కాపలావాళ్ళు చెప్పుకునేవారు.

మొదటి వారం ఏడు తప్పులు. మూడో వారానికి ఐదు. ఏడో వారానికి రెండు. పదో వారం ఒక్కటే. ఆ ఒక్కటీ ఎందుకు తప్పయిందంటే, ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని "ఒకటి" అనరు. "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు, అలా సాగుతుంది. గాదెల దగ్గర లెక్క నేర్చిన పిల్ల కదా, జవాబులో ఒకటి రావలసిన చోట "లాభం" అని రాసింది. భట్టుగారు దానిమీద గంటంతో అడ్డంగా గీశారు.

పది వారాలూ నిండాయి. ఏరువాక పున్నమి దగ్గరికొచ్చింది. రాజుగారికి ఒక శాసనం చెక్కించాలని బుద్ధి పుట్టింది. "మా బడిలో వారపు లెక్కల్లో తప్పు చేసిన బిడ్డ లేదు" అని.

"ఒక్క పిల్ల ఉంది ప్రభూ," అన్నాడు భట్టు.

రాజుగారు మీసం దువ్వాడు. "ఆ పిల్ల మన బడిలో లేకపోతే శాసనం నిజమైపోతుంది కదా?"

"ప్రభువులకు తర్కశాస్త్రం పుట్టుకతోనే వచ్చింది," అన్నాడు భట్టు.

మర్నాడు పైడి బుట్టలు దించుతూ గవరయ్యతో చెప్పింది. "ఏరువాక అయినాక పిల్లని బడికి పంపొద్దన్నారు మావా. సరేలే, బుట్టలల్లుకుంటదిలే అన్నాను. అది నిన్నటినుంచి అన్నం ముట్టలేదు."

గవరయ్య నూకాలు ఆకులు పది తెప్పించుకుని వరుసగా నేలమీద పరిచి చూశాడు. తప్పులు వారం వారం ఎలా తగ్గాయో చూశాడు. తరవాత తలపాగా సరిచేసుకుని కొలువుకు వెళ్ళాడు.

"మహాప్రభో, నాకు వయసు మీదపడింది. ఈ ఏరువాకకి విత్తనాల లెక్క నావల్ల కాదు. అయినా మన రాజ్యంలో ఇంతమంది గణితవేత్తలుండగా నేనెందుకు? ఏ ఇంటి మడులకు ఎన్ని కుంచాల విత్తనం కావాలో, పదికి పది తెచ్చిన ఆ ఇంటి బిడ్డే చెప్పాలి. బిడ్డ చెప్పిందే కొలుస్తాను. తప్పు చెప్తే ఈ ఏడు ఆ మడులకి విత్తనం లేదు. ఎలాగూ తప్పు చెప్పేవాళ్ళు లేరు కదా."

రాజుగారి మీసం రెండంగుళాలు లేచింది. "భేష్. పక్క రాజ్యం వాళ్ళని కూడా చూడ్డానికి పిలిపిద్దాం." ఆ సాయంత్రమే దండోరా వేయించాడు.

ఊళ్ళో పొయ్యిలన్నీ ఆలస్యంగా వెలిగాయి. తండ్రులు పిల్లల్ని పట్టుకుని "నాలుగు మానికలైతే ఏమవుతుందిరా?" అని అడిగారు. పిల్లలు "ఏమవుతుంది నాన్నా?" అని ఆసక్తిగా ఎదురడిగారు.

ఏరువాక నాడు గాదెల ముందు జనం చేరారు. వడ్రంగి కొడుక్కి జలుబు చేసి మాట పడిపోయిందట. పూజారి కూతురు మౌనవ్రతం పట్టిందట. వ్రతం ఇంకా ఎన్నాళ్ళని అడిగితే, కోతలయ్యేదాకా అన్నాడు పూజారి. గవరయ్య అందరికీ తలూపాడు.

"కంగారేం లేదు. ముందు రాజుగారి మడులకి విత్తనం కొలిచాకే తక్కినవాళ్ళకి కొలవడం ఆచారం. చిన్నదొరగారూ, ఇలా దయచెయ్యండి," అని అదే బడిలో చదివే రాజుగారి కొడుకును పిలిచాడు.

రాజుగారి మీసం అప్పుడు దిగడం మొదలుపెట్టింది. ఏటి ఒడ్డున ఆయన సొంత మడులు ఐదున్నాయి. వాటిలో పండే సన్నబియ్యంతోనే ఏడాది పొడుగునా ఆయనకు పరమాన్నం. ఆ పరమాన్నం లేని రోజు ఆయన ఎవరినీ బిరుదులు చదవనిచ్చేవాడు కాదు.

"ఒక్కో మడికి మూడు కుంచాల ఒక మానిక విత్తనం," అన్నాడు గవరయ్య. "ఐదు మడులకు ఎంత కొలవమంటారు దొరా?"

చిన్నదొరకి తొమ్మిదేళ్ళు. నిజాయితీ గల పిల్లవాడు. అది ఎవరి పోలికో తెలియదు. తండ్రి వైపు తిరిగి, "నాన్నగారూ, సోమవారం ఆకు మీరే తీసుకుంటారుగా. ఇదీ మీరే చెప్పండి," అన్నాడు.

జనం నేల చూపులు చూశారు. రాజుగారు భట్టు వైపు చూశాడు. భట్టు మబ్బుల వైపు చూశాడు.

"తీసుకున్న మాట నిజమే," అన్నాడు రాజుగారు నెమ్మదిగా. "రాజ్యభారం వల్ల తీరిక లేక భట్టుగారికే పంపేవాణ్ణి."

అంటే లెక్కలిచ్చిందీ భట్టే, చేసిందీ భట్టే, దిద్దిందీ భట్టే. పది వారాలూ తనకు తనే పదికి పది వేసుకున్నాడు. ఒక్కసారి కూడా తప్పు చేయకపోవడం మెచ్చుకోవలసిందే.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుగారు గిర్రున తిరిగాడు. "నవ్వినవాళ్ళు మీ పిల్లల్ని ముందుకు పంపండి."

ఒక్కరూ కదల్లేదు. కాసేపటికి వడ్రంగి దగ్గి, "మావాడికి రాదు ప్రభూ, నేనే రాశాను," అన్నాడు. తరవాత పూజారి. తరవాత గొంతులు కలిసిపోయి ఎవరిది ఎవరిదో తెలియలేదు.

"అయితే నా మడులు బీడేనా?" అన్నాడు రాజుగారు. పరమాన్నం సంగతి మరి.

"ఒక బిడ్డ ఉంది ప్రభూ. అయితే పదికి పది తెచ్చిన పిల్ల కాదు. తప్పులు చేసే పిల్ల. తమరు సరేనంటే పిలుస్తాను."

రాజుగారు చెయ్యి ఊపాడు. నూకాలు తల్లి కొంగు వదిలి వచ్చింది. గవరయ్య గుప్పెడు వడ్లు ఆమె ముందు పోసి పక్కకు జరిగాడు, అంతే.

పిల్ల వడ్లు పేర్చింది. "పదిహేను కుంచాలు, ఐదు మానికలు," అంది. భట్టు నోరు తెరిచాడు. "ఆగండి, ఇంకా అవలేదు," అంది. నాలుగు మానికలు ఒక కుంచం కాబట్టి, ఐదు గింజల్లోంచి నాలుగు తీసి కుంచాల వరుసలో ఒక గింజ పెట్టింది. రెండోసారి మొదటినుంచీ సరిచూసుకుంది.

"పదహారు కుంచాలు, లాభం మానిక."

"తప్పు," అన్నాడు భట్టు. "లాభం అన్న సంఖ్య ఏ గణితంలోనూ లేదు."

గవరయ్య కుంచం ఎత్తాడు. ఒక్కో మడికీ వేరే బుట్ట పెట్టి, "లాభం, రెండు, మూడు" అని గొంతెత్తి కొలిచాడు. మూడు కుంచాలు, పైన ఒక మానిక. ఐదు బుట్టలూ నిండాక అన్నీ ఒకే రాశిగా పోసి మొదటినుంచీ మళ్ళీ కొలిచాడు. పదహారు కుంచాలయ్యాయి. రాశిలో సరిగ్గా ఒక్క మానిక మిగిలింది. రైతులందరూ తలూపారు. వాళ్ళకి లాభమంటే ఏమిటో భట్టు చెప్పనక్కర్లేదు.

రాజుగారు ఆ రాశి వైపు చూశాడు. "మరి నా శాసనం అబద్ధమైపోయిందేమయ్యా గవరయ్యా?"

"లేదు ప్రభూ. తప్పు చేసిన బిడ్డ లేదన్నారు, నిజమే. లెక్క చేస్తేగా తప్పు చెయ్యడానికి. ఈ పది వారాల్లో తప్పులు చేసింది ఒక్కతే, లెక్కలు చేసిందీ ఆ ఒక్కతే. ఆ ఒక్కదాన్నీ పంపించేస్తే ఇక శాసనానికి తిరుగుండదు."

రాజుగారి పొట్ట ముందు కదిలింది. తరవాత భుజాలు కదిలాయి. చివరికి ఆయన నవ్విన నవ్వుకి గాదె మీద పావురాలు లేచిపోయాయి. అది చూసి జనమూ నవ్వారు. భట్టు కూడా నవ్వాడు. అది కొలువు మర్యాద.

గవరయ్యకు జరీ శాలువా కప్పించాడు రాజుగారు. ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. "బిడ్డల ఆకు బిడ్డలే రాయాలి ప్రభూ. పెద్దవాళ్ళు పక్కన కూర్చుని గింజలు పోస్తే చాలు. తప్పు వస్తే రానివ్వండి, పోయిన వారం కంటే తగ్గిందా లేదా అని చూడండి." రాజుగారు అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు, ఈ ఏటికి అందరి విత్తనం గవరయ్యనే కొలిచి ఇమ్మన్నాడు. నూకాలును పెద్ద లెక్కలకు ఎక్కించమని భట్టుకు చెప్పాడు. ఆ పిల్ల ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుందని పైడి ఊరంతా చెప్పింది.

మరుసటి సోమవారం చిన్నదొర ఆకులో పదికి ఎనిమిది తప్పులొచ్చాయి. రాజుగారు ఆ ఆకు పట్టుకుని కొలువంతా తిరిగి, కనిపించిన ప్రతివాడికీ చూపించాడు.

"రెండు ఒప్పులు," అన్నాడు. "రెండూ మావాడు చేసినవే."